పదహారణాల నాలుక

కావ్యానికి పాకం ఉన్నట్టే కల్లుకు కూడా పాకం ఉంటుందని లోకానికి చాటినవాడు సాయిలు. అలంకారశాస్త్ర కర్తలు ద్రాక్షాపాకమనీ, కదళీపాకమనీ, నారికేళపాకమనీ మూడింటిని చెప్పి విశ్రమించారు. వారెవరూ తాటివనంలో కూర్చొని విచారణ చేసిన దాఖలా లేదు. శాస్త్రంలోని ఆ వెలితిని పూడ్చే భారం రామన్నపేట దాపున ఒక పల్లెలో, కురుమల ఇంట పుట్టిన సాయిలు నాలుక మీద పడింది. ఆ భారాన్ని ఆయన ఏనాడూ భారమనుకోలేదు. పొద్దున మోశాడు, పొద్దుగూకాక మోశాడు, వీలు చిక్కినప్పుడు మధ్యాహ్నం కూడా మోశాడు.

కోతలు ముగిసి మేత తరిగాక అక్కడి గొర్ల కాపరులు మందలను తోలుకొని దక్షిణానికి కదులుతారు. దేవరకొండ గుట్టలు దాటి, పాలమూరు చేలమీదుగా కృష్ణ ఒడ్డు దాకా పోతారు. రాత్రి ఏ రైతు చేనిలో మంద పెడితే ఆ చేనికి ఎరువు, కాపరికి గింజలు. తక్కిన కాపరులు మేత ఎక్కడుంది, నీళ్లెక్కడున్నాయి అని విచారించి దారి నిర్ణయించుకునేవారు. సాయిలు మాత్రం తాటివనం ఎక్కడుంది, దాన్ని గీసే చేయి ఎవరిది అని విచారించి నిర్ణయించుకునేవాడు. అందుచేత ఆయన గొర్రెలు ఎండాకాలమంతా ఏకాదశీ వ్రతాన్ని నిష్ఠతో పాటించి, డొక్కలు తేలి ఇల్లు చేరేవి. ఆయన జ్ఞానవృద్ధుడై ఇల్లు చేరేవాడు.

"గొర్లను మేపుకరమ్మని తోలిస్తే, అయ్య మేసొచ్చిండు," అనేది భార్య గుర్వమ్మ, గొర్రెల వీపులు నిమురుతూ. ఆమెది తిట్టే నోరే గాని, భర్త పక్కన కూర్చొని రేక పట్టేటప్పుడు మాత్రం ఆ నోరు శాంతించేది. తాటాకును దోనెలా మడిచి పట్టుకుంటే దాన్ని రేక అంటారు. గీతకార్మికుడు కల్లుకుండను, అంటే లొట్టిని, వంచి అందులో కల్లు పోస్తాడు, తాగేవాడు దోసిలిలా పట్టుకొని తాగుతాడు. ఆ ప్రాంతంలో ఆడవాళ్లు కల్లు తాగడం వింత కాదు. సాయిలు తాగినదాన్ని గురించి అంతసేపు మాట్లాడటమే వింత.

ఆయన మార్కులు అణాల్లో వేసేవాడు. అణాలు చలామణి పోయి ఎన్నో దశాబ్దాలైనా, చేతిలోని సెల్లుతో చాయ్ డబ్బులు కట్టే కుర్రవాళ్లు సైతం "పన్నెండణాల కల్లు" అంటే గౌరవంగా తల ఊపేవారు. ఆలేరు కల్లుకు పదకొండు. ఎందుకంటే రైలు పోయినప్పుడల్లా చెట్లు అదిరి, కల్లు నిమ్మళంగా ఊరదట. దేవరకొండ కల్లుకు పన్నెండు. గుట్టల రాయి దాని వెంట దిగి నాలుక మీద సన్నగా గీరుతుందట. కొల్లాపూరు వైపు ఏటిగడ్డ చెట్లకు ఎనిమిది. కృష్ణనీళ్లు కడుపునిండా తాగిన చెట్టుకు ఇక కష్టమెక్కడిది, కష్టం లేని చెట్టుకు రుచి ఎక్కడిది! పాలమూరు ఈతకల్లు పిల్లలు తాగవలసినదని తేల్చి తొమ్మిది. స్వగ్రామంలో చెన్నయ్య గీసే పోతుతాడు, అంటే మగతాటిచెట్టు, కల్లుకు పదమూడు. పదహారణాలు ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకని అడిగితే కన్నులు అరమోడ్చి, "అది దేవుని కాడ ఉంటది బిడ్డా, మనకాడికి రాంగ రాంగ ఇరుగుతది," అనేవాడు. ఉపనిషత్తు పలికినట్టుండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ కీర్తి మరింత విస్తరించింది. మన మాట, మన పండుగ, మన కల్లు అని అందరూ ఎలుగెత్తుతున్న రోజులవి. కల్లు రుచి చెప్పే పెద్దమనిషి ఉన్నాడని తెలిసి భువనగిరి దాటాక రహదారి పక్కన వెలసిన ఒక విడిది నుండి పిలుపు వచ్చింది. యాదగిరిగుట్ట స్వామిని దర్శించుకున్న హైదరాబాదు భక్తులు తిరుగుదారిలో పుణ్యభారాన్ని కొంత దించుకోవడానికి అక్కడ ఆగుతారు. వారికి పానీయాలు అమర్చే ఉద్యోగంలో ఉన్నవాడు రఘుపతి. సాయిలు ఊరివాడే, వరుసకు అల్లుడు. మామ ప్రతిభను యజమానికి చూపించాలని ఉబలాటపడి, మూడు దేశాల ద్రాక్షసారాయిని మూడు గాజు గ్లాసుల్లో పోసి ముందు పెట్టాడు.

సాయిలు గ్లాసును ఎత్తి వెలుగుకు పట్టాడు. వాసన చూశాడు. పుక్కిట పట్టి కన్నులు మూశాడు. ప్రాణాయామం చేసే వైదికునికి కూడా అంతటి కుంభకం కుదరదు.

"గిది యాడిది అల్లుడా?"

"నాసిక్‌ది మామ."

"ఆరణాలు. నేరేడుపండు తిన్న నోటితోని చింతాకు నమిలినట్టున్నది. గిదో?"

"ఇటలీ."

"ఏడు. పాత మోటబొక్కెన తోలు వాసనొస్తాంది. గీ మూడోది?"

రఘుపతి గొంతు తగ్గించాడు. "ఫ్రాన్సుది మామ. జర పైలంగ చెప్పు. అన్నిట్ల పెద్దది గదే. ఎనిమిదేండ్ల కిందిది."

సాయిలు గ్లాసును ఠక్కున బల్లమీద పెట్టేశాడు.

"ఎన్నేండ్లది?"

"ఎనిమిది. ఎంత పాతగుంటే అంత మంచిదట."

"అరే, నిన్న దించిన కల్లును ఇయ్యాల కుడితిల పోస్తమురా మనం! ఎనిమిదేండ్ల పాచిది నాకు పోస్తవా? నీకు పిల్లనిచ్చే వరుసోన్ని. గిది గీసెటోడు ఎవడు?"

"గీసుడు లేదు మామ. తీగలకు కాస్తయి. కిందనే నిలవడి తెంపుతరు."

"చెట్టే ఎక్కలేదా?" సాయిలు లేచి నిలబడ్డాడు. "పానం పణం పెట్టి ఎక్కనిదానికి అణాలెట్ల ఏస్తరయ్యా? సున్న."

ఖండాంతరాల్లో తరతరాలుగా వర్ధిల్లిన ఒక విద్య ఆ సాయంకాలం రహదారి పక్కన ఈ విధంగా పరిసమాప్తమైంది. ఫ్రాన్సు దేశానికి ఈ వార్త ఇంతవరకు అందినట్టు లేదు. ఊరికి మాత్రం మరునాటి పొద్దునకే అందింది. ఆ ఏడాది నుండి కురుమలు తమ కులదైవం బీరప్పకు చేసే కల్యాణంలో సాయిలుకు ఒక ఆసనం ఏర్పడింది. చుట్టుపక్కల ఊళ్లు తెచ్చిన లొట్లన్నిటినీ ఆయన రుచి చూసి అణాలు ప్రకటించాలి. ఎక్కువ అణాలు వచ్చిన కల్లునే దేవునికి సాకగా నేల మీద ధారపోయాలి. ఆ లొట్టి గీసినవానికి తలపాగా చుట్టాలి. అంతవరకు జనంలో ఎవరూ పెదవి తడపరాదు. ఈ నియమం ఏ ఆగమంలో ఉన్నదని ఎవరూ అడగలేదు. మండుటెండలో దాహంతో కూర్చున్నవారు ఆచరించే నియమం కనుక అది తపస్సు కిందికే వస్తుంది.

కరోనా రెండవమారు విజృంభించిన వేసవిలో సాయిలుకు జ్వరం తగిలింది. దవాఖానకు పోయాడు, బతికి వచ్చాడు. ఇల్లు చేరగానే చెన్నయ్య అభిమానం కొద్దీ అప్పుడే దించిన లొట్టి తెచ్చి రేకలో పోశాడు. సాయిలు తాగాడు. ఎప్పటిలాగే కన్నులు మూశాడు. తెరవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"ఎట్లున్నది బావా?" అన్నాడు చెన్నయ్య.

"పదమూడు," అన్నాడు సాయిలు.

ఆ రాత్రి గుర్వమ్మ వడ్డించిన పచ్చిపులుసులో ఉప్పు మరచిపోయింది. ఆయన మారు మాట్లాడకుండా తిన్నాడు. ఉప్పు తక్కువైతే గిన్నె విసిరే మనిషి మారు మాట్లాడకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. ఎండుమిరపకాయ చేతికిచ్చి నమలమంది. ఆయన చెరకుముక్క నమిలినట్టు నమిలాడు. కన్నీళ్లు మాత్రం ధారగా వచ్చాయి. అవి మిరపకాయవో కావో తెలియలేదు.

దవాఖానలో కొన్ని వారాల్లో తిరిగివస్తుందన్నారు. వారాలు పోయాయి, నెలలు పోయాయి. వాసనా రాలేదు, రుచీ రాలేదు. షడ్రసాలూ ఒకే మూటగా కట్టుకొని వెళ్లిపోయాయి.

"పోయిందని చెప్పరాదు? గిండ్ల సిగ్గేంది? ఎందరికి పోలే!" అంది గుర్వమ్మ.

"చెప్పినంక నేనేం మిగుల్త? గొర్లు కాసెటోళ్లు గీ జిల్లనిండ ఉన్నరు. అణాలేసెటోడు నేనొక్కన్నే. గది గూడ పోతే, బీరప్ప కాడ నా జాగా యాడ? చెప్పులిడిసిన కాడ."

ఆమె ఏమనుకున్నదో గాని, ఆనాటి నుండి భర్త కంటే ముందు రేక పట్టడం మొదలుపెట్టింది. తాను తాగి, కొంగుతో మూతి తుడుచుకుంటూ ఆయన అరచేతి మీద వేలితో తట్టేది. ఎన్ని తట్లో అన్ని అణాలు. జనం దీన్ని దాంపత్యానురాగం అనుకొని, బీరప్ప కాడి నియమం నుండి కూడా అర్ధాంగిని మినహాయించారు. వాళ్లనుకున్నది పూర్తిగా తప్పు కూడా కాదు. సాయిలు కీర్తి తగ్గకపోగా పెరిగింది. పుస్తకం విప్పకుండానే పీఠిక రాసిపెట్టే పెద్దలను ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

రెండేళ్ల తరువాత బీరప్ప కల్యాణం మళ్లీ వచ్చింది. ఈసారి బోనమెత్తే వంతు సాయిలు ఇంటికి వచ్చింది. బోనమెత్తే ఇల్లాలు ఒక్కపొద్దు ఉండాలి. దేవునికి బోనం చెల్లేదాకా నీళ్లు తప్ప ఏదీ ముట్టరాదు. ఈ సంగతి సాయిలు బుద్ధికి ఎక్కింది పండుగనాటి ఉదయాన, భార్య పసుపు రాసుకుంటుండగా.

"మరి అణాలో?" అన్నాడు తెల్లబోయి.

"నీ అణాలు నువ్వేసుకో."

"ఒక్క గుక్కే గదనే. దేవుడేమంటడు?"

"ఏమంటడో నాకు తెల్వది. ఒక్కపొద్దు ఇడిసి నీ పెద్దరికానికి తాగాల్నా? బోనం దించినంక ఎంతన్న తాగుత. అప్పటిదాక ఆగుమను."

ఆగమని ఎవరికి చెప్పాలి! సాక పోసిన తరువాతే బోనం లోపలికి పోతుంది. అణాలు ప్రకటించిన తరువాతే సాక పోస్తారు. క్రమం తప్పితే కల్యాణం చెడుతుంది. సాయిలు రుచి చెప్పే నాలుకను ఇంటి దగ్గరే వదిలి, ఒంటరిగా గుడికి నడిచాడు.

గుడి ముందర ఒగ్గుకథ వాళ్లు డోళ్లు వేడిచేసుకుంటున్నారు. ఐదు ఊళ్ల లొట్లు వరుసగా ఉన్నాయి. చెన్నయ్య తెల్లవారక ముందే ఎక్కి దించిన లొట్టిని వేపమండలతో కప్పి నీడన పెట్టాడు. వరుస చివర ఉన్నది కులపెద్ద హనుమంతు వియ్యంకుల ఊరి లొట్టి. అది చాలా దూరం నుండి ఆటోట్రాలీలో, మధ్యాహ్నపు ఎండలో, గతుకుల మీద ఎగిరెగిరి వచ్చింది. ఆ కుదుపుకు, ఆ వేడికి పులిసి పులిసి, మూతి మీద నురగ తెల్లటి తలపాగాలా లేచి నిలబడింది.

సాయిలు మంచం మీద ఆసీనుడయ్యాడు. మొదటి రేక చెన్నయ్యది. నీళ్లలాగా దిగింది. నురగ పలుచగా ఉన్నది. లొట్టి చుట్టూ ఈగలు కూడా పెద్దగా లేవు. సాయిలు ఆలోచించాడు. నాలుక లేని విమర్శకునికి కన్నే శరణ్యం గదా.

"తొమ్మిదణాలు."

చెన్నయ్య ముఖం నల్లబడింది. "తొమ్మిదా? బావా, జర ఇంకో రేక తాగి చెప్పు."

"చెప్పినంక చెప్పిన్నే."

తక్కిన మూడింటికి ఆయన ఏడూ, పదీ, ఎనిమిదీ వేశాడు. ఏది దేనికో ఆయనకే తెలియదు. చివరి లొట్టిని వంచగానే నురగ రేక దాటి మోచేతి దాకా పొంగింది. అంతటి ఉత్సాహాన్ని ఆ వేళ ఆయన దేనిలోనూ చూడలేదు. తాగాడు. కన్నులు మూశాడు. డోలు ఆగింది. పిల్లలు సైతం ఊపిరి బిగబట్టారు.

"పదిహేనణాలు!"

అంతకు ముందెన్నడూ వినని సంఖ్య అది. హనుమంతు ఆనందంతో లేచి వియ్యంకుణ్ణి కౌగిలించుకున్నాడు. గీసినవానికి తలపాగా చుట్టారు. బీరప్ప ముందు సాక ధార పడింది. దేవుడు రాయి కనుక ముఖం చిట్లించలేదు. తరువాత ఆ పదిహేనణాల కల్లు మహాప్రసాదంగా రేకరేకకూ తిరిగింది.

మొదట హనుమంతు తాగాడు. ఆయన దవడలు రెండూ లోపలికి పోయాయి. కన్నుల్లో నీళ్లు తిరిగాయి. గుటక అతికష్టం మీద పడింది.

"అబ్బబ్బ... ఏమున్నదిరా!"

రెండవవాడు తాగి వణికి, "గిట్లాంటిది ఇప్పటిదాక తాగలే," అన్నాడు. అతడు అబద్ధమాడలేదు. మూడవవాడు గుటక వేసి గుండె పట్టుకొని, "రాయి దిగినట్టే ఉన్నది," అన్నాడు. నోరు పులిసినవాడల్లా పక్కవాని ముఖం చూశాడు, పక్కవాడు మెచ్చుకుంటున్నాడు. పదిహేనణాల కల్లు తనకు ఒక్కనికే పుల్లగా ఉన్నదంటే లోపం ఎవరిది? ఈ విధంగా సభ యావత్తూ వినయంతో తన తన నాలుకను శంకించుకొని, రెండవ రేకకు కూడా చేయి చాచింది.

అప్పుడు గుర్వమ్మ బోనం దించి బయటికి వచ్చింది. పొద్దుటి నుండి ఎండలో మోసి దాహంతో ఉన్నది. ప్రసాదమని రేక నిండా పోశారు. నోట్లో పోసుకుంది. ప్రసాదాన్ని ఉమ్మరాదు, మింగరాని వస్తువును మింగడమూ కష్టమే. చివరకు భక్తి గెలిచింది, మింగింది. మింగి భర్త వైపు తిరిగింది.

"గిదానికి ఎన్నేసినవు?"

సాయిలు చేతిలోని రేకను మడవసాగాడు. హనుమంతే గర్వంగా, "పదిహేనమ్మా!" అన్నాడు.

"పదిహేనా! గిది పచ్చి పులుసు. గొంతు కోసుకపోతాంది. మీ అందరికేమైంది? నోళ్లు లెవ్వా?" ఆమె భర్త ముందుకు వచ్చి నిలబడింది. "రెండేండ్ల సంది ఆయనకు నాలిక మీద రుచి లేదు. కరోన తీస్కపోయింది. నేను తాగి చెప్తే ఆయన అణాలేస్తున్నడు. ఇయ్యాల నేను లేను, గందుకే గిట్లైంది."

సాయిలు మంచం మీది నుండి కాళ్లు కిందికి దించాడు. చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కున్నాడు.

జనంలో గుసగుస లేచింది. చెన్నయ్య ముందుకు ఉరికాడు. "గట్లైతే చెల్లె, నా తొమ్మిది తప్పే గద! నువ్వే తాగి చెప్పు. అందరియి చెప్పు." ఔనన్నారందరూ. న్యాయమంటే అందరికీ ఇష్టమే, తన వంతు వచ్చేదాకా.

గుర్వమ్మ నేల మీదే కూర్చొని తాగింది. కన్నులు మూయలేదు, కుంభకం పట్టలేదు.

"చెన్నన్నా, నీది పది. కల్లు మంచిదే. గని కత్తి పదును పోయింది, చెట్టు మొగి సరిగ గీస్తలేవు. వయసైతాంది నీకు. గీ రెండోది నాలుగు, లొట్టి కడగలే. మూడోది నీళ్లు కల్సినయి, మూడు. నాలుగోది ఐదు, పర్వలేదు. గీ చివరిది కుడితిల పొయ్యి, రెండు గూడ దండుగ."

సత్యం పలికితే ఏమవుతుందో పురాణాలు ముందే చెప్పి ఉన్నాయి, ఎవరూ వినరు. రెండవ ఊరివాళ్లు కడగలేదన్న మాటకు నిప్పులు తొక్కినట్టు ఎగిరారు. మూడవ ఊరివాళ్లు మా కల్లులో నీళ్లు కలపవలసిన ఖర్మ పట్టలేదని తువ్వాళ్లు దులిపారు. హనుమంతు వియ్యంకుడు తన గీతకార్మికుని తలపాగాను విప్పించి, ఆటోట్రాలీ స్టార్టు చేయమన్నాడు. అందరికంటే ఎక్కువగా నొచ్చినవాడు చెన్నయ్యే. "పదా! వయసైందని పదిమందిల అంటవా చెల్లె? నీ పెనిమిటికి రుచి లేకున్న మర్యాద ఉండె." అబద్ధంగా వచ్చిన తొమ్మిది కంటే నిజంగా వచ్చిన పది ఆయన్ను ఎక్కువ గాయపరచింది.

కల్యాణం నడుమ ఐదు ఊళ్లు లేచిపోతే దేవునికి అపచారం. హనుమంతు చేతులెత్తి అందరినీ ఆపాడు. కులపెద్ద గనుక ధర్మసూక్ష్మం ఆయనకు తోచింది.

"ఆగుర్రి, ఆగుర్రి! ఇన్నేండ్ల సంది సాయన్న అణాలేస్తాండు. ఒక్క కొట్లాటన్న అయ్యిందా? కాలే. ఇయ్యాల రుచి తెల్సిన నోరు ఒక్కపారి తెరిస్తే చూసిన్రా, పండుగ ఆగమైతాంది. రుచి తెల్సినోనికి ఇష్టాలుంటయి. సాయన్నకు ఏ ఊరి కల్లైన ఒక్క తీరే. గంత కంటె నాయం జెప్పెటోడు మనకు దొరుకుతడా?"

సభ ఆలోచించింది. ఆ మాటలో తిరుగులేని తర్కం ఉన్నది. నిర్గుణుడైన పరమాత్మను గురించి పెద్దలు చెప్పినదంతా రుచి లేని నాలుకకు కూడా వర్తిస్తుందని ఆ క్షణాన అందరికీ స్ఫురించింది కాబోలు, సాయిలును రెక్కపట్టి తెచ్చి మళ్లీ మంచం మీద కూర్చోబెట్టారు. ఇకమీదట బీరప్ప కాడ అణాలు వేసే హక్కు ఆయనదేనని, ఆయన ఉన్నంతకాలం మరొకరి నోరు అడ్డురాదని తీర్మానించారు. ఆ చివరి ముక్క అనేటప్పుడు అందరూ గుర్వమ్మ వైపు చూశారు. "మంచిదే. నాకేం తక్కువైంది," అని ఆమె కొంగు దులుపుకొని లేచింది.

సాయిలు మళ్లీ ఐదు రేకలు తాగాడు. ఈసారి కన్నులు మూసేంత అవసరం కూడా కలగలేదు. నాలుగు ఊళ్లకూ తలా పన్నెండణాలు. చివరిదానికి పదిహేను అలాగే నిలిచింది. దేవునికి పోసిన సాకను వెనక్కు తీసుకొనే విధి ఎక్కడా లేదు. తలపాగా మళ్లీ చుట్టారు. డోలు మోగింది. కథ సాగింది. ఊళ్లన్నీ ఒకదాని కల్లు మరొకటి తాగి సంతోషించాయి, ఆ పదిహేనణాలది మాత్రం ఎవరికివారు మర్యాదగా పక్కవారికి అందించారు.

చీకటి పడే వేళకు జనం పలుచబడ్డారు. సాయిలు మంచం దిగి, వేపమండల కింద తన లొట్టి పక్కన కూర్చున్న చెన్నయ్య దగ్గరికి పోయాడు. రేక పట్టాడు. చెన్నయ్య పోశాడు. సాయిలు మెల్లగా తాగి, ఎవరూ వినడం లేదని నిశ్చయించుకొని అడిగాడు.

"చెన్నయ్యా, నిజం చెప్పు. ఇయ్యాల నీ కల్లు ఎట్లున్నది?"

చెన్నయ్య మిగిలిన కల్లును తన రేకలో ఒంపుకున్నాడు. ఒక గుక్క తాగాడు. నాలుకతో పెదవి తడుముకున్నాడు.

"నువ్వే చెప్పినవు గద బావా, పన్నెండణాలని. నీ మీద నేను చెప్తనా?" అన్నాడు, గుడ్డతో లొట్టి మూతి తుడుస్తూ.

సాయిలు ఖాళీ రేకను మళ్లీ ముందుకు చాచాడు.